పెద్ద పండక్కి ఇంటికొచ్చిన ఇరవై మంది

2020 జనవరి 6న 20 మంది తెలుగు మత్స్యకారులు వాఘా సరిహద్దు గేటు దాటి ఇటువైపు అడుగుపెట్టారు. వాళ్లలో ఎక్కువమందివి శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాలు. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం వాళ్లూ ఉన్నారు. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్ గస్తీకి చిక్కారు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో గడిపారు. వాళ్లు గేటు దాటిన ఎనిమిదో రోజున భోగి.

సిక్కోలు మనిషికి గుజరాత్‌లో ఏం పని? శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది గానీ పెద్ద బోట్లు నిలుపుకునే హార్బరు లేకపోయింది. అలలకు ఎదురు తెప్ప నెట్టుకుని చేసే వేటతో ఇల్లు గడవదు. అందుకే ఆగస్టు వచ్చేసరికి వెరావల్ బాట పడతారు. అక్కడ బోట్లలో కలాసీలుగా చేరతారు, అనుభవం ఉన్నవాళ్లు తండేళ్లుగా బోటు నడుపుతారు. సీజను వేసవి దాకా సాగుతుంది కాబట్టి ఊళ్లో పెద్ద పండగ జరిగేటప్పుడు వాళ్లలో చాలామంది సముద్రం మీదే ఉంటారు. ఆ నీళ్లకు కంచె లేదు. సర్ క్రీక్ దగ్గర హద్దు ఎక్కడన్నది రెండు దేశాల మధ్య నేటికీ తేలలేదు. ఇంజను చెడినా, రాత్రిపూట నీటివాలు లాగినా బోటు అటు వెళ్లిపోతుంది.

వాళ్లు జైల్లో గడిపిన ఏడాది ఎలాంటిదో గుర్తు చేసుకోవాలి. 2019 ఫిబ్రవరిలో పుల్వామా, బాలాకోట్. ఆగస్టులో కశ్మీర్ గొడవ, వ్యాపారం బంద్, సంఝౌతా రైలు బంద్. అంత పగలోనూ పాకిస్తాన్ ఈ 20 మందిని సుహృద్భావంతో వదిలింది. అంతకుముందు 2016లో సరిగ్గా క్రిస్మస్ రోజున 220 మంది భారత జాలర్లను విడిచిపెట్టింది.

ఇలాంటి విడుదల వెనక కనబడని పని చాలా ఉంటుంది. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న ఎదుటి దేశస్థుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. జాబితాలో పేరు ఎక్కాక హైకమిషన్ అధికారి ఖైదీని కలవాలి. అతడు చెప్పిన ఊరు, తండ్రి పేరు నిజమేనా అని ఇక్కడ పోలీసులు, రెవెన్యూవాళ్లు విచారించి రాయాలి. ఆ కాగితం మళ్లీ ఢిల్లీ మీదుగా అటు చేరాలి. ఎక్కడో ఒక గుమస్తా ఆ ఫైలును ఇవాళే కదిలిస్తే, ఒక మనిషి కొన్ని వారాలు ముందుగా ఇంటికి వస్తాడు. నా దృష్టిలో అది చిన్న సాయం కాదు.

జైలు గేటు దాటాక కరాచీ నుంచి లాహోరు దాకా రైలు ప్రయాణం. ఇలా విడుదలైన జాలర్లకు చాలాసార్లు ఆ ఖర్చు పెట్టుకుని, చేతిలో కాస్త డబ్బు, ఇంటికి పట్టుకెళ్లడానికి కానుకలు పెట్టి పంపింది ఈదీ ఫౌండేషన్. దాన్ని స్థాపించిన అబ్దుల్ సత్తార్ ఈదీ పుట్టింది సౌరాష్ట్రలోని బాంట్వాలో. మనవాళ్లు బోటెక్కే వెరావల్ కూడా ఆ సౌరాష్ట్రలోదే.

ఇదంతా దయ అని పొంగిపోతే మాత్రం అసలు విషయం మరుగున పడుతుంది. రెండు దేశాలూ ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 73వ అధికరణం ఏం చెబుతోందంటే, ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపలవేట నియమాలు మీరినవాళ్లకు, దేశాల మధ్య వేరే ఒప్పందం లేనంతవరకు, జైలుశిక్ష వేయకూడదు. పడవను, మనుషుల్ని పూచీకత్తు మీద త్వరగా వదలాలి. అది అమలైతే పండగ కోసమో, ప్రభుత్వాల మనసు మారడం కోసమో ఎదురుచూపులుండవు. అమలు కానంతకాలం పండగ పేరుతోనైనా వదలమనే నేనంటాను.

గుజరాత్ జైళ్లలో సింధు తీరం జాలర్లూ మగ్గుతుంటారు, వాళ్లవీ ఇలాంటి తప్పులే. రంజానుకు ముందు మనం వాళ్లను పంపినప్పుడు, అటు పడవల రేవుల్లో ఆడవాళ్లు ఎంత సంబరపడతారో మత్స్యలేశం ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.