సంఖ్యల సారం

విస్తారమైన విషయాన్ని దాని సారం చెడకుండా క్లుప్తంగా చెప్పడమే సంక్షిప్తీకరణం. గద్యభాగాన్ని మూడోవంతుకు కుదించే అభ్యాసం విద్యార్థులకు సుపరిచితమే. సంఖ్యాశాస్త్రంలోనూ ఇటువంటి పని ఉంది. అనేక సంఖ్యలున్న దత్తాంశం ఏ తీరున పరచుకొని ఉన్నదో నాలుగైదు మాటలలో చెప్పడమే విభాజన సంగ్రహం. ఇందులో నేర్పు లోపిస్తే, లెక్క సరిగా వచ్చినా అర్థం తప్పుతుంది.

ఈ శాస్త్రానికి మన దేశంలో ఘనమైన వారసత్వం ఉంది. ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1931లో కలకత్తాలో భారత సంఖ్యాశాస్త్ర సంస్థను స్థాపించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం అభ్యసించిన తెలుగువారు సి.ఆర్. రావు ఆ సంస్థలో చేరి, తమ పరిశోధనలతో ప్రపంచఖ్యాతి గడించారు. 2023లో సంఖ్యాశాస్త్ర అంతర్జాతీయ బహుమతిని అందుకొన్నారు.

సంగ్రహం రాసే విద్యార్థి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. దత్తాంశానికి కేంద్రం ఎక్కడ? విలువలు ఎంత మేరకు చెదిరి ఉన్నాయి? విభాజనం ఆకృతి ఎటువంటిది? గుంపుకు దూరంగా నిలిచిన విలువలు ఉన్నాయా?

కేంద్రం: ఒక గ్రామంలో తొమ్మిది చేనేత కుటుంబాల నెలసరి ఆదాయాలు, వేల రూపాయలలో, ఇలా ఉన్నాయనుకొందాం: 7, 8, 9, 9, 10, 11, 12, 14, 64. వీటి మొత్తం 144, సగటు 16. ఆరోహణ క్రమంలో నడుమ నిలిచిన విలువ, అంటే మధ్యగతం, 10. తరచుగా వచ్చిన విలువ, అంటే బాహుళకం, 9. ఎనిమిది కుటుంబాల ఆదాయం సగటుకన్న తక్కువే. ఒక్క 64 ఆ సగటును పైకి లాగింది. పన్నెండు వేలు మించని ఆదాయం గలవారికి సహాయం అందించదలచిన అధికారి, సగటు పదహారు వేలని చూసి ఆ గ్రామాన్ని పక్కన పెడితే, అర్హత గల ఏడు కుటుంబాలు నష్టపోతాయి. ఇటువంటిచోట మధ్యగతమే యథార్థానికి దగ్గరగా ఉంటుంది.

చెదురు: కేంద్రం ఒక్కటే చాలదు. 48, 49, 50, 51, 52 ఒక విద్యార్థి మార్కులు. 10, 30, 50, 70, 90 మరొకరివి. రెండింటికీ సగటు 50, మధ్యగతం 50. అయినా మొదటిదానికి వ్యాప్తి 4, రెండవదానికి 80. ప్రామాణిక విచలనం మొదటిదానికి సుమారు 1.41 కాగా, రెండవదానికి సుమారు 28.28. సగటును చెప్పేటప్పుడు ప్రామాణిక విచలనాన్నీ, మధ్యగతాన్ని చెప్పేటప్పుడు చతుర్థాంశాల అంతరాన్నీ జోడించడం మంచి అలవాటు.

ఆకృతి: లెక్క వేయకముందే సోపాన చిత్రం గీయాలి. విలువలు ఇరువైపులా సమంగా ఉన్నాయా, ఒకవైపు తోక సాగిందా, రెండు శిఖరాలు ఉన్నాయా అన్నది కంటికి తెలుస్తుంది. 1973లో ఆంగ్లేయ సంఖ్యాశాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ ఆన్‌స్కూంబ్ నాలుగు దత్తాంశాలను ప్రకటించాడు. వాటి సగటులూ విస్తృతులూ దాదాపు ఒక్కటే. గీసి చూస్తే మాత్రం నాలుగింటివీ నాలుగు రూపాలు!

దూరపు విలువలు: 64 వంటి విలువ కనిపించగానే కొట్టివేయరాదు. నమోదులో పొరపాటు జరిగిందేమో మొదట సరిచూడాలి. అది నిజమైన విలువే అయితే దానిని ఉంచి, ఆ సంగతి విడిగా చెప్పాలి. దానిని తొలగిస్తే సగటు 16 నుండి 10కి పడిపోతుంది; మధ్యగతం 10 నుండి 9.5కు మాత్రమే మారుతుంది. ఏ కొలత ఎంత నిలకడ గలదో ఈ విధంగా పరీక్షించవచ్చు.

చివరగా, సమాధానాన్ని అంకెతో ముగించక, ప్రమాణంతో కూడిన వాక్యంగా రాయాలి: “పరిశీలించిన తొమ్మిది కుటుంబాల మధ్యగత ఆదాయం నెలకు పది వేల రూపాయలు. ఎనిమిది కుటుంబాల ఆదాయాలు ఏడు వేలకూ పద్నాలుగు వేలకూ మధ్య ఉన్నాయి. ఒక కుటుంబ ఆదాయం అరవైనాలుగు వేలు కావడంతో విభాజనం తోక కుడివైపు సాగింది.” ఈ మూడు వాక్యాలు చదివినవారికి ఆ తొమ్మిది కుటుంబాల స్థితి కళ్లకు కట్టాలి. అప్పుడే అది సంగ్రహం అనిపించుకొంటుంది.

అభ్యాసం
1. సగటుకన్న మధ్యగతం మేలైన సందర్భాన్ని సోదాహరణంగా వివరించండి.
2. మీ తరగతిలో పదిమంది కళాశాలకు రావడానికి పట్టే కాలాన్ని నిమిషాలలో సేకరించి, మూడు వాక్యాలలో సంగ్రహించండి.