పళ్లెంలో పళ్లు, కాగితం మీద రంగులు

మధ్యాహ్నం భోజనాలయి వంటిల్లు సర్దుకున్నాక మనకు దొరికే గంటన్నర తీరికలో పళ్ల బొమ్మ వేయడమెలాగో ఈ వేళ చెప్పుకుందాం. మా తెనాలికి దగ్గర్లోని తుమ్మపూడిలో సంజీవదేవ్ గారు (1999లో కన్నుమూశారు) ఆ పల్లెలోనే ఉంటూ బొమ్మలు వేశారు. దీనికి పెద్ద పట్నమేమీ అక్కర్లేదన్నమాట.

తెనాలి నిమ్మపళ్లు రెండు, రేపల్లె వైపు అరటిపళ్లు మూడు, వేసవి అయితే బాపట్ల ఇసుక నేలల్లో కాసే జీడిమామిడి పండొకటి తెచ్చుకోండి. నిమ్మతోలు గరుకు, అరటికి పలకలూ మచ్చలూ, జీడిమామిడి మైనం పూసినంత నునుపు. పళ్లెం కిటికీ పక్కన పెట్టి ట్యూబులైటు ఆర్పేయండి. వెలుగు ఒకవైపు నుంచే పడితేగాని పండు గుండ్రంగా కనిపించదు.

ముందు జీడిమామిడే వేయండి, కోసిన మర్నాటికే మెత్తబడిపోతుంది. (పిల్లల్ని మాత్రం ఆ గింజ కొరకనివ్వకండి, పెంకులోని జీడి నోరు పొక్కిస్తుంది.)

పోస్టరు రంగులు నాలుగు చాలు: పసుపు, ఎరుపు, నీలం, తెలుపు. కాగితం దళసరిది కావాలి. నిమ్మపండుకు మొదట పల్చటి పసుపు పూత వేసి పూర్తిగా ఆరనివ్వండి. తొందరపడి తడిమీదే రెండోపూత వేస్తే కిందిది లేచొచ్చి అంతా బురదవుతుంది. రెండోపూతకు పసుపులో రవ్వంత నీలం కలిపి వెలుగుకు అవతలి పక్క వేయండి. మూడోది నీడ. చాలామంది ఇక్కడే నలుపు కలిపి బొమ్మను పాడుచేసుకుంటారు. పసుపులో నలుపు పడితే మురికి ఆకుపచ్చ తేలి పండు కుళ్లినట్టుంటుంది. ఎరుపూ నీలమూ కలిపి ఊదా చేసుకుని, దాన్నొక చుక్క పసుపులో వేసి చూడండి, నీడకు ప్రాణమొస్తుంది.

ఇక గరుకుదనం. ఎండిన బీరపీచు ముక్కను చిక్కటి రంగులో ముంచి, పాతగుడ్డ మీద ఒకసారి అద్ది, వెలుగూ నీడా కలిసేచోట మెల్లగా తాటించండి. రుద్దకూడదు సుమండీ! నిమ్మతోలు గుంటలు వాటంతటవే తేలతాయి. అరటికి, తడి పిండేసిన కుంచెతో నిలువు గీతలు, చివర మచ్చలు. జీడిమామిడికి తెల్లటి మెరుపొకటి చాలు.

పళ్ల కింద పడే నీడ మరచిపోకండి, అది లేకపోతే పండు గాలిలో తేలుతుంది. పండు పళ్లేన్ని తాకేచోట ముదురుగా, దూరమయ్యేకొద్దీ పల్చగా ఉండాలి. అది కూడా అయ్యాక, బడినుంచి వచ్చిన పిల్లలకు అరటిపళ్లు పెట్టేయవచ్చు.