కవలలలో ఒక శిశువు గర్భమున మరణించినపుడు

దుర్గ్ జిల్లా జాముల్, భిలాయి ప్రాంతములందు తెలుగు కుటుంబములనేకము స్థిరపడియున్నవి. కవలలలో ఒక శిశువు గుండె ఆగినదని స్కానింగులో తెలిసినంతనే, రెండవ శిశువును తక్షణము బయటకు తీయింపవలెనని ఎక్కడి పెద్దలైనను తొందరపడుట సహజము. ఆ తొందర తరచుగా హానికరము. మృతపిండము తల్లి దేహమున విషమగునను భయము నిరాధారము. తల్లి రక్తము గడ్డకట్టుటలో లోపము కలుగుట అరుదు. దానిని రక్తపరీక్ష తెలుపును. మృతపిండము కాన్పునాడు రెండవ శిశువుతోపాటు వెలువడును.

ముఖ్యముగా తెలియవలసినది మావి ఒకటియా, రెండా యనునది. 11–14 వారముల స్కానింగులో ఇది స్పష్టపడును. ఆ కాగితమును భద్రపరుపవలెను. మావులు వేరైనచో మిగిలిన శిశువు సాధారణముగా క్షేమముగనే పెరుగును. మావి ఒకటే యైనచో ఇరువురి రక్తనాళములు కలిసియుండును. ఒక గుండె ఆగిన వేళ రెండవ శిశువు రక్తము అటు ప్రవహించి, దాని మెదడు దెబ్బతినవచ్చును, ప్రాణమునకే ముప్పు రావచ్చును. జరిగిన హాని వెంటనే కాన్పు చేసినను తొలగదు. పైగా నెలలు నిండని శిశువు బాధలు తోడగును. కావున వైద్యులు తరచుగా స్కానింగు చేయుచు, సుమారు 4 వారముల పిమ్మట శిశువు మెదడునకు ఎం.ఆర్.ఐ. తీయింతురు. ఇతర అపాయము లేనిచో ఇట్టి కాన్పు సాధారణముగా 34–36 వారముల నడుమ జరుపుదురు.

ఒక బిడ్డ మిగిలినది గదా యని తల్లి దుఃఖమును తేలికపరుపరాదు.

2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుచున్నవి. అయితే రక్తస్రావమైనను, ఉమ్మనీరు పోయినను, శిశువు కదలిక తగ్గినను ఆ తేదీకై వేచియుండక అదే దినమున ఆసుపత్రికి పోవలెను.