ఎన్.సి.సి. నౌకా విభాగంలో చేరదామా?

విద్యార్థులారా! ఇందుకూరుపేట నుంచి మైపాడు దాకా వెళితే సముద్రం ఎదురవుతుంది. ఇంత దగ్గరలో ఉన్నా మనలో చాలామందికి సముద్రమంటే సెలవునాడు అలల్లో తడిసి రావటమే. వేటకు వెళ్లేవారి పిల్లలకు తాడు, తెడ్డు, గాలివాటం సంగతులు చిన్ననాడే తెలుస్తాయి. మరి తక్కినవారు వాటిని పద్ధతిగా నేర్చుకునే మార్గం లేదా? ఉంది. అదే నేషనల్ కేడెట్ కోర్ నౌకా విభాగం.

ఎన్.సి.సి. 1948లో ఏర్పడింది. 1952లో దానికి నౌకా విభాగం తోడయింది. ఎన్.సి.సి. జెండాలోని మూడు రంగులు మీరు చూసే ఉంటారు. ఎరుపు పదాతిదళానికి, ముదురు నీలం నౌకాదళానికి, లేత నీలం వైమానికదళానికి గుర్తులు. హైస్కూలు పిల్లలు చేరేది జూనియర్ శాఖలో. అందుకు పన్నెండేళ్లు నిండాలి. రెండేళ్ల శిక్షణ పూర్తిచేసి పరీక్ష రాస్తే 'ఎ' సర్టిఫికెట్ ఇస్తారు. కాలేజీలో కొనసాగితే 'బి', 'సి' పరీక్షలు ఉంటాయి.

ఇక్కడే ఇంట్లో పేచీ వస్తుంది. "చేరితే మా వాణ్ణి మిలిటరీకి పట్టుకుపోతారేమో!" అని అమ్మమ్మ భయం. అది వట్టి అపోహ. కేడెట్ సైన్యంలో చేరి తీరాలన్న నియమమేమీ లేదు. ఈ సంగతి పెద్దలకు మీరే నిదానంగా చెప్పండి. వారి అంగీకారం లేకుండా మిమ్మల్ని చేర్చుకోరు.

"ఆడపిల్లకు సముద్రమెందుకు?" అనేవారూ ఉంటారు. నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి 'తారిణి' అనే తెరచాప పడవలో బయలుదేరారు. భూమిని చుట్టి 2018 మే 21న తిరిగి వచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన స్వాతి ఒకరు. వారు ప్రయాణించిన దూరం 21,600 నాటికల్ మైళ్లకు పైనే. ఈ అంకెలో ఒక చమత్కారముంది. వృత్తానికి 360 డిగ్రీలు, డిగ్రీకి 60 నిమిషాలు గదా! హెచ్చవేస్తే 21,600. భూగోళం మీద ఒక నిమిషపు కోణానికి సరిపడే దూరమే నాటికల్ మైలు. అంటే 1.852 కిలోమీటర్లు.

ఓడ గంటకు ఒక నాటికల్ మైలు నడిస్తే దాని వేగం ఒక 'నాట్'. నాట్ అంటే ముడి! వెనుకటి నావికులు తాడుకు 47 అడుగుల 3 అంగుళాలకు ఒక ముడి వేసేవారు. తాడు చివర చెక్కముక్క కట్టి నీటిలో వదిలేవారు. ఓడ ముందుకు సాగేకొద్దీ తాడు జారుతుంది. ఇసుక గడియారంలో 28 సెకన్లు గడిచేలోగా ఎన్ని ముడులు చేయి దాటితే వేగం అన్ని నాట్లు. లెక్క సరిపోతుందో లేదో మీరే చేసి చూడండి.

నౌకా కేడెట్లకు కవాతుతోపాటు ముడులు వేయటం, రెండు జెండాలతో అక్షరాలు చూపి సందేశం పంపటం, పడవ నడపటం, ఓడల నమూనాలు చేయటం నేర్పుతారు. వీటిలో మీ పాఠ్యపుస్తకంలోని భౌతికశాస్త్రమే ఉంది. తెడ్డు ఒక మీట. దాని రెక్కకు నీరే ఆధారం. మధ్యలో పడవ భారం, పిడి దగ్గర మీ బలం.

తాడు సంగతి చూడండి. పడవను గుంజకు కట్టేటప్పుడు తాడును రెండు మూడు చుట్లు ఎందుకు తిప్పుతారు? ఘర్షణ వల్ల. ఒక చుట్టుకు పట్టు 6 రెట్లు అయిందనుకోండి. రెండు చుట్లకు 12 రెట్లు కాదు, 36 రెట్లవుతుంది! వసారా స్తంభానికి తాడు చుట్టి, అవతలి కొస మీ స్నేహితుణ్ణి లాగమనండి. రెండు చుట్లు ఉంటే అతణ్ణి మీరు రెండు వేళ్లతో ఆపగలరు.

సముద్రం మరో పాఠమూ నేర్పుతుంది. చెరువులో ఈత వచ్చినంత మాత్రాన సముద్రంలో ధైర్యం పనికిరాదు. ఒడ్డుకు వచ్చిన అలల నీరు కొన్నిచోట్ల పాయగా కూడి వడిగా లోపలికి లాగుతుంది. దానికి ఎదురీదితే అలసిపోతారు. తీరానికి సమాంతరంగా ఈది ఆ పాయ దాటాలి. ఆ తరువాతే ఒడ్డు వైపు తిరగాలి. పెద్దలు తోడు లేకుండా అసలు దిగకూడదు. ఇది కేడెట్లకే కాదు, మైపాడు చూడబోయే ప్రతివారికీ తెలిసి ఉండాలి.

ఇక చేరటం ఎలా? ఎన్.సి.సి. యూనిట్ ఉన్న పాఠశాలలోనే చేరగలం. మీ బడిలో ఉంటే ఆ బాధ్యత చూసే ఉపాధ్యాయుణ్ణి కలవండి. అది ఏ విభాగమో అడగండి. దరఖాస్తు, వైద్య పరీక్ష, తల్లిదండ్రుల సంతకం అవసరమవుతాయి. మీ బడిలో లేకపోతే నెల్లూరులో ఏ పాఠశాలలో, ఏ కళాశాలలో ఉందో మీ ప్రధానోపాధ్యాయుని ద్వారా తెలుసుకోండి. ఈలోగా ఒక మూరెడు తాడు తీసుకోండి. గట్టిగా లాగినా జారకుండా, అవసరమైనప్పుడు సులువుగా విప్పగలిగే ముడి ఏదో కనిపెట్టండి. మీ ఊళ్లో వల కట్టే తాతనడిగితే ఆయనే మీ మొదటి గురువు కావచ్చు.