హజీరాలో వెల్డర్ కొలువు: ఐటీఐ ధ్రువపత్రం తర్వాత ఏమిటి?

సూరత్ సమీపంలో, తపతి నది సముద్రంలో కలిసే చోట ఉన్న హజీరా భారీ పరిశ్రమలకు పెట్టింది పేరు. ఫ్రాన్స్‌లో నిర్మిస్తున్న ఐటర్ అణు సంలీన రియాక్టరుకు అవసరమైన 3,850 టన్నుల క్రయోస్టాట్ భాగాలను ఎల్ అండ్ టీ సంస్థ ఇక్కడే తయారు చేసింది. చివరి భాగం 2020 జూన్‌లో బయలుదేరింది. ఇటువంటి పనిలో అతుకు పైకి నున్నగా కనిపిస్తే చాలదు; లోపలి లోపాలను ఎక్స్‌రే వంటి పరీక్షలు పట్టిస్తాయి.

ఎనిమిదో తరగతి ఉత్తీర్ణులు ఐటీఐలో ఏడాది శిక్షణతో వెల్డర్ ధ్రువపత్రం పొందవచ్చు. అయితే పీడన పాత్రల తయారీలో విస్తృతంగా అనుసరించే ఏఎస్ఎంఈ నియమావళి ప్రకారం ఒక్కో వెల్డింగ్ విధానానికి విడిగా అర్హత సాధించాలి; అతుకు వేసే స్థితిని బట్టి కూడా ఆ అర్హత పరిధి మారుతుంది. బల్లమీది పలకను అతకడం వేరు, తలెత్తి గొట్టాన్ని అతకడం వేరు. ఆరు నెలలపాటు ఆ విధానంలో పని చేయకుంటే సాధించిన అర్హతకూ కాలం చెల్లుతుంది. నైపుణ్యాల అంతరం అంటే ఇక్కడ ప్రధానంగా ఈ అభ్యాస లోపమే.

దీన్ని పూడ్చేందుకు ఉన్న మార్గం అప్రెంటిస్‌షిప్. 1961 నాటి చట్టం కింద రూపొందిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది గల సంస్థలు 2.5 నుంచి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. స్టైపెండ్‌లో కొంత భాగాన్ని కేంద్రం భరించే పథకం 2016లో మొదలైంది.

సూరత్ మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాల యువతకు ఈ వివరాలు ముఖ్యం. మగ్గం పని పెద్దల పక్కన నిలబడి నేర్చుకున్నది, దానికి పత్రమేదీ అక్కరలేకపోయింది. అప్రెంటిస్‌గా చేరేవారు మాత్రం తమ ఒప్పందం నమోదైందో లేదో ముందుగా చూసుకోవాలి. శిక్షణ ముగిశాక అదే సంస్థ ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమమూ చట్టంలో లేదు.