మీకు తెలుసా? పడవను ట్రైలర్ ఎక్కించడానికి ఒక్కరు చాలు

లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, రే హబ్బర్డ్. డాలస్ చుట్టూ ఉన్న ఈ సరస్సులు ఫ్రిస్కోలోనో అర్వింగ్‌లోనో ఉన్న తెలుగు ఇంటి నుంచి కారులో గంట లోపే. చేపల సరదా ఉన్నవాళ్లకు అక్కడ బాగా పనికొచ్చేది 14 అడుగుల జాన్ బోటు. అడుగు చదునుగా ఉండే అల్యూమినియం పడవ అది. మోటారు, బ్యాటరీ, పెట్రోలు అన్నీ కలుపుకుంటే 200 కిలోల దరిదాపు తూగుతుంది. ఒక మనిషి ఎత్తలేని బరువు. అయినా ఒక్క మనిషి దాన్ని నీళ్లలోకి దింపి, సాయంత్రం మళ్లీ ట్రైలర్ మీదికి ఎక్కించుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు.

పడవను నీళ్లలోకి దింపే వాలు దారి, అంటే ర్యాంపు దగ్గర తోడొచ్చిన మనిషి చేసే పనులు ముఖ్యంగా మూడు. గాలికి పడవ పక్కకు పోకుండా పట్టుకుంటాడు, వెనక నుంచి నెడతాడు, "ఇంకాస్త ఎడమకి" అని చెబుతాడు. ఈ మూడూ ట్రైలర్ చేతే చేయించవచ్చు. కాకపోతే కొన్న ట్రైలర్ కొన్నట్టుగా అంత పనీ చేయదు. మన పడవ వెడల్పుకీ పొడవుకీ తగ్గట్టు మనమే అమర్చుకోవాలి.

పట్టుకునే చేయి

ట్రైలర్ వెనక భాగంలో రెండు పక్కలా నిలువుగా బిగించే గొట్టాలను గైడ్ పోస్టులంటారు. జింకు పూత పూసిన ఇనుప కడ్డీ, దానిమీద తొడిగిన పీవీసీ గొట్టం, అంతే. ఒంటరిగా వెళ్లేవాళ్లు డబ్బు పెట్టాల్సిన మొదటి వస్తువు ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. జాన్ బోటు తేలిక, పైగా నీళ్లలో లోతుగా మునగదు. అందుకని పక్కగాలి వీస్తే ఇట్టే జరిగిపోతుంది. గైడ్ పోస్టులుంటే గాలి పడవను అవతలి పోస్టుకు ఆనించి వదిలేస్తుంది, పోస్టు అంతకుమించి పోనివ్వదు. పడవ బాగా వెడల్పైన చోట రెండు వైపులా రెండేసి వేళ్ల సందు మిగిలేలా బిగిస్తే చాలు. సందు ఎక్కువైతే పడవ వంకరగా కూర్చుంటుంది.

వీటివల్ల ఇంకో మేలు కూడా ఉంది. ఖాళీ ట్రైలర్‌ను వెనక్కి తోలేటప్పుడు అది కారు వెనక పూర్తిగా దాగిపోతుంది. అద్దంలో కనిపించేది ఆ రెండు పోస్టులే. ట్రైలర్ ఎటు తిరుగుతోందో అవే చెబుతాయి.

ఎంత లోతుకి?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ట్రైలర్‌ను ఎంత లోతుకు దింపితే పడవ అంత సులువుగా ఎక్కుతుందని అనుకుంటారు. అది నిజం కాదు. 200 కిలోల పడవ 200 లీటర్ల నీటిని పక్కకు తోస్తే చాలు, తేలిపోతుంది. మరీ లోతుకు దింపితే ట్రైలర్ పలకల మీద దాని బరువేమీ పడదు. తేలుతూనే ఉంటుంది, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. ట్రైలర్‌ను పైకి లాగేసరికి ఓ పక్కకు ఒరిగి కూర్చుంటుంది. మరీ పైన ఆపితే పడవ మొత్తాన్నీ వించ్‌తోనే, అంటే ట్రైలర్ ముందుండే చేత్తో తిప్పే లాగుడు చక్రంతోనే లాగాలి.

పడవ కూర్చునే పొడవాటి పలకలను బంకులంటారు. వాటిలో వెనకవైపు మూడింట రెండు వంతులు నీళ్లలో, ముందరి వంతు నీళ్ల పైన ఉండేలా దింపి మొదలుపెట్టడం మంచి పద్ధతి. వెనక భాగం తేలుతూ వస్తుంది, ముక్కు పలకల మీద ఆగి నిలబడుతుంది. ముందొకసారి ట్రైలర్‌ను లోతుగా దింపి, పలకలు మొత్తం తడిశాక పైకి తెచ్చుకుంటే పడవ ఇంకా తేలికగా జారుతుంది. సరైన లోతు దొరికిన రోజున గైడ్ పోస్టు మీద నీటిమట్టం దగ్గర రంగు టేపు చుట్టి ఉంచండి. మళ్లీ అదే ర్యాంపుకు వెళ్లినప్పుడు టేపు తడిసేదాకా దింపితే సరి. వాలు ఎక్కువున్న వేరే ర్యాంపులో ట్రైలర్ వెనక భాగం ఇంకా ముందే మునుగుతుంది కాబట్టి అక్కడ కాస్త పైనే ఆపాలి.

నెట్టే చేయి

అమెరికాలో పడవ ర్యాంపులను సాధారణంగా 12 నుంచి 15 శాతం వాలుతో కడతారు. ఆ వాలు మీద 200 కిలోల పడవ కిందికి గుంజే బలం 24 నుంచి 30 కిలోలే. మిగతాదంతా పలకల మీది ఘర్షణ. దాన్ని తగ్గిస్తే సగం పని అయిపోయినట్టే.

వించ్ లెక్క కూడా చూడండి. హ్యాండిల్ పొడవు 20 సెంటీమీటర్లు, స్ట్రాప్ చుట్టుకునే డ్రమ్ము వ్యాసార్ధం 4 సెంటీమీటర్లు అనుకుందాం. అక్కడే 5 రెట్లు. లోపలి పళ్లచక్రాలు 4కి 1 నిష్పత్తివైతే మొత్తం 20 రెట్లు. చేత్తో 5 కిలోల బలం పెడితే స్ట్రాప్ దగ్గర 100 కిలోలు, చక్రాల ఘర్షణకు కొంత పోను.

అయితే స్ట్రాప్ చుట్టుకుంటున్నకొద్దీ డ్రమ్ము లావవుతుంది. వ్యాసార్ధం 5 సెంటీమీటర్లకు చేరితే 20 రెట్లు కాస్తా 16కు పడిపోతాయి. అంటే పడవ దాదాపు పూర్తిగా నీళ్ల బయటికి వచ్చి, బలం బాగా కావలసిన సమయానికే వించ్ బలం తగ్గుతుంది. అందుకే అవసరానికి మించిన స్ట్రాప్‌ను డ్రమ్ము మీద పెట్టుకోవద్దు. పడవ ఎంత దూరంలో ఉన్నప్పుడు కొక్కెం తగిలిస్తారో కొలుచుకుని, అప్పటికీ రెండు మూడు చుట్లు డ్రమ్ము మీద మిగిలేంత పొడవు ఉంచితే చాలు. ఇనుప తీగ కన్నా పాలియెస్టర్ స్ట్రాప్ మేలు. చేతులకు గుచ్చుకోదు, తుప్పు పట్టదు.

వించ్ ఉన్న స్తంభం ఎత్తు కూడా చూసుకోవాలి. ముక్కు దగ్గరుండే ఇనుప రింగు, పడవ పూర్తిగా ముందుకు వచ్చాక స్తంభం మీది రబ్బరు రోలరుకు సరిగ్గా కింద ఆగాలి. అప్పుడే సడన్ బ్రేకు వేసినా పడవ రోలరు దాటి ముందుకు ఎక్కదు. స్తంభాన్ని ముందుకో వెనక్కో జరిపితే కారు హుక్కు మీద పడే బరువు కూడా మారుతుంది. మొత్తం బరువులో పదో వంతు దరిదాపుల్లో హుక్కు మీద ఉండేలా చూసుకోండి. మరీ తక్కువైతే హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. పలకల వెనక కొసలు మాత్రం పడవ వెనక గోడ కింది దాకా రావాలి. మోటారు బరువంతా అక్కడే ఉంటుంది. ఆధారం లేకపోతే కొన్నాళ్లకు పడవ అడుగు వంగుతుంది.

ఆ పలకల చెక్క ఏది?

చాలామందికి తెలియని సంగతి ఇది. కొట్లో పచ్చగా కనిపించే మందు పట్టించిన చెక్కను తెచ్చి బంకులు చేయించుకుంటారు. అమెరికాలో 2003 చివరి నుంచి ఇళ్ల వాడకపు చెక్కకు ఆర్సెనిక్ ఉన్న పాత మందు ఆపేశారు. దాని చోట వచ్చిన మందుల్లో రాగి ఎక్కువ. రాగి, అల్యూమినియం తడిలో ఒకదానికొకటి తగిలితే అల్యూమినియం తినేసుకుపోతుంది. పైన కార్పెట్ బిగిస్తే ఆ తడి ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. ఫైబర్ గ్లాస్ పడవకు ఈ బాధ లేదు. అల్యూమినియం పడవకైతే మందు లేని చెక్కకు వార్నిష్ బాగా పట్టించి వాడండి, లేదా ప్లాస్టిక్ పలకలు వేయించండి. కార్పెట్‌కు కొట్టే స్టేపుల్స్ స్టెయిన్‌లెస్‌వి, పడవ తగలని అడుగు వైపున ఉండాలి.

రోలర్ల మీద పడవ ఇంకా తేలికగా కదులుతుంది. కానీ బరువంతా కొన్ని బిందువుల మీదే పడి పలుచటి రేకు సొట్టలు పోతుంది. బంకులు ఉంచుకుని, వెనక అడ్డపట్టీ మీద మధ్యలో ఒకే ఒక్క రోలరు పెట్టుకుంటే రెండు మేళ్లూ దక్కుతాయి.

జారుడు ప్లాస్టిక్ బిగించినా, సిలికాన్ స్ప్రే కొట్టినా ఒక మాట గుర్తుపెట్టుకోండి. పడవ నీళ్లు తాకకముందు వించ్ కొక్కెం తీయకూడదు. తీస్తే పడవ జారి కాంక్రీటు మీద పడుతుంది. వించ్ వెనక్కి తిరగకుండా ఆపే ర్యాచెట్ పడిందో లేదో చూడకుండా హ్యాండిల్ వదలకూడదు. బరువుకు వెనక్కి తిరిగే హ్యాండిల్ చేతి ఎముకను, దవడను విరగ్గొట్టగలదు. పక్కన ఎవరూ లేనప్పుడు ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి.

తాడు సంగతి

పడవ పొడవుకు రెండింతలుండే తాడు ఒకటి ముక్కుకు, మరొకటి వెనక భాగానికి కట్టుకోండి. దింపేటప్పుడు ముక్కు తాడు రెండో కొసను వించ్ స్తంభానికి ముడివేసి వెనక్కి తోలితే, పడవ తేలి తాడు పొడవు మేరే పోయి ఆగుతుంది. ఎక్కించేటప్పుడు రెండు తాళ్లూ చేతబట్టుకుని రేవు మీద నడుస్తూ పడవను పోస్టుల మధ్యకు తేవచ్చు. ముక్కు తాడు లాగుతుంది, వెనక తాడు దిశ తిప్పుతుంది. ట్రైలర్ ముందు కడ్డీ మీద జారని టేపు అంటించిన పలక ఒకటి బిగించుకుంటే, పాచి పట్టిన ర్యాంపు మీద కాలు పెట్టకుండానే వించ్ దాకా వెళ్లవచ్చు.

మోటారు వేసి పడవను ట్రైలర్ మీదికి తోలేయడం సులువే. కానీ ప్రొపెల్లర్ నీటి జోరుకు ర్యాంపు కాంక్రీటు చివర మట్టి కొట్టుకుపోయి గుంత పడుతుంది, ఆ మట్టి వెనక దిబ్బగా పేరుకుంటుంది. ఆ తర్వాత వచ్చేవాళ్ల ట్రైలర్ చక్రం ఆ గుంతలో పడుతుంది. అందుకే చాలా ర్యాంపుల దగ్గర ఇలా చేయనివ్వరు.

చిన్నదే కష్టం

చిన్న ట్రైలర్‌ను వెనక్కి తోలడం పెద్దదాన్ని తోలడం కన్నా కష్టం. పొట్టిగా ఉండటంతో స్టీరింగ్ కాస్త తిప్పగానే అడ్డం తిరిగిపోతుంది. చేతిని స్టీరింగ్ అడుగున పెట్టి, ట్రైలర్ ఎటు పోవాలో చేతిని అటే జరపండి. ఇక "ఎడమకి, కుడికి" అని చెప్పే మనిషి అక్కర్లేదు. ఖాళీ పార్కింగ్ స్థలంలో నేర్చుకోండి, ర్యాంపు మీద కాదు.

దూరం నుంచి రాగానే ట్రైలర్‌ను నీళ్లలో దింపకండి. వేడెక్కిన చక్రాల హబ్బుకు చన్నీళ్లు తగలగానే లోపలి గాలి కుంచించుకుపోయి నీటిని లోపలికి పీలుస్తుంది. బేరింగులు పాడయ్యేది అలాగే. స్ప్రింగు ఒత్తిడితో గ్రీజును ఎప్పుడూ నింపి ఉంచే మూతలు దొరుకుతాయి, అవి బిగించుకోవచ్చు.

2021 ఏప్రిల్ 1 నుంచి అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం 26 అడుగుల లోపు పడవలో 3 హార్స్‌పవర్, ఆపైన మోటారును ఆపే తాడును నడిపేవారు వేగంగా వెళ్లేటప్పుడు ఒంటికి తగిలించుకోవాలి. మనిషి నీళ్లలో పడితే మోటారు ఆగిపోతుంది. ఒంటరిగా వెళ్లేవారు లైఫ్ జాకెట్‌తో పాటు దీన్ని కూడా ఎప్పుడూ వదలకూడదు.

టెక్సస్‌లో జీబ్రా మస్సెల్ అనే పరాయి గవ్వజాతి 2009లో టెక్సోమా సరస్సులో బయటపడింది. అది పాకకుండా 2014 జూలై 1 నుంచి రాష్ట్రమంతటా సరస్సు వదిలేముందు పడవలో నీళ్లన్నీ వంచేయడం తప్పనిసరి. వాటి పిల్లలు కంటికి కనిపించవు, చుక్క నీటిలోనూ ప్రయాణిస్తాయి. బంకుల మీది కార్పెట్ ఆరడానికి చాలా సమయం పడుతుంది కనుక, ఈ వారం ఒక సరస్సు, వచ్చే వారం మరోటి తిరిగేవారు కార్పెట్ కన్నా ప్లాస్టిక్ పలకలు ఎంచుకోవడమే మంచిది.