ఎండిన జీనుకు మరల జీవము

పాత యిండ్ల అటకలమీద ఇత్తడి బిందెలు, కాగితపు కట్టలు, విరిగిన ఉయ్యాల బల్లలు మొదలగు వానితోపాటు అప్పుడప్పుడు ఒక గుఱ్ఱపు జీను కూడ బయటపడుచుండును. రెవిన్యూ ఉద్యోగులు, అటవీ ఉద్యోగులు గుఱ్ఱమెక్కి ఊరూర తిరిగిన కాలము మరీ దూరపుది కాదు గదా! దింపి చూచినచో దుమ్ము, బూజు. వంచబోయినచో కఱ్ఱవలె బిగిసిన తోలు. ఇంటిలో పిల్లవాడెవడైన స్వారి నేర్చుకొనుచున్నచో, దీనికి ఇంత నూనె రాచి వాడుకొనరాదా అను ఆలోచన వెంటనే కలుగును. అయితే జీనుమీద కూర్చున్నవాని ప్రాణము రెండు మూడు తోలుపట్టీల మీద ఆధారపడియుండును. కాబట్టి నూనె గిన్నె చేతికి తీసికొనుటకు ముందు తెలిసికొనవలసిన సంగతులను మేము కొంత వివరముగనే చెప్పదలచితిమి.

జీను అను మాట పారసీకము నుండి మనకు వచ్చినది. సంస్కృతమున పర్యాణమందురు. కాలుపెట్టు రికాబునకు అంకవన్నె అని మన పాత పేరు. పేరు ఏదైనను వస్తువు మాత్రము ఒక్కటియే: లోపల కొయ్య చట్రము, పైన తోలు, గుఱ్ఱపు వీపునకు తగులు అడుగు భాగమున ఉన్ని కూరిన మెత్త.

తోలు ఏల ఎండును? పశువు చర్మము సన్నని పోగుల అల్లిక. దానిని చెక్కరసములో ఊరవేసి తోలుగా మార్చెదరు. దక్షిణదేశమున ఇందుకు తంగేడు చెక్క, ఉత్తరదేశమున కాన్పూరు ప్రాంతములందు తుమ్మ చెక్క ప్రసిద్ధములు; కరక్కాయయు ఉపయోగపడును. ఊరిన తోలునకు పిదప క్రొవ్వు పట్టింతురు. పోగుపై పోగు జారుచు తోలు వంగుటకు ఈ క్రొవ్వును, తోలులో సహజముగ నుండు తేమయు కారణములు. ఏండ్ల తరబడి అటకమీది వేడికి తేమ ఆరి, క్రొవ్వు చెడి, పోగులు ఒకదానికొకటి అంటుకొనిపోవును. అప్పుడు బలవంతముగ వంచినచో పోగులు తెగును. తెగిన పోగును ఏ నూనెయు అతుకజాలదు. పగులు విచ్చిన తోలు నూనెతో నల్లబడి మెత్తబడినట్లు కనిపించును గాని దానికి మునుపటి బలము రాదు.

కావున మొట్టమొదట తేల్చుకొనవలసినది తోలు ఎండినదా, చచ్చినదా అన్న సంగతి. పొడిగుడ్డతో తుడిచినపుడు ఇటుకపొడి వంటి ఎఱ్ఱని పొడి రాలుచున్నచో అది చచ్చిన తోలు. లండనులోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వారు పుస్తకముల అట్టల తోలు ఏల ఇట్లు పొడియగుచున్నదో విచారించుటకు ఒక సంఘమును నియమించి, 1905లో నివేదిక ప్రకటించిరి. దీపపు గ్యాసు పొగలోని గంధకపు ఆమ్లము, తయారీలో వాడిన ఆమ్లములు ఇందుకు ముఖ్య కారణములని తేలినది. అట్టి జీనును తాతగారి జ్ఞాపకముగ అద్దాల బీరువాలో ఉంచుకొనవలసినదే. దానిపై మనుష్యుని కూర్చుండబెట్టరాదు.

చట్రమును కూడ పరీక్షింపవలెను. జీను ముందుకొనను పొట్టకానించుకొని, వెనుకకొనను రెండు చేతులతో తనవైపు నెమ్మదిగ లాగవలెను. కొంచెము వంగి వెంటనే యథాస్థితికి వచ్చినచో దోషము లేదు. నడుమ ముడుచుకొనినను, లోపల కఱకఱమనినను చట్రము విరిగినదని అర్థము. విరిగిన చట్రము గుఱ్ఱపు వీపును పుండుచేయును.

ఇక శుభ్రపరచుట. పట్టీలను, రికాబులను విడదీసి, ఆరుబయట, ముక్కునకు గుడ్డ కట్టుకొని, మెత్తని కుంచెతో బూజు దులుపవలెను. తరువాత గోరువెచ్చని నీటిలో గుడ్డను ముంచి గట్టిగ పిండి, జీను సబ్బుగాని గ్లిసరిను సబ్బుగాని కొద్దిగ రాచి తుడువవలెను. జీనును నీటిలో ముంచరాదు. చాకలి సోడా, కిరసనాయిలు దాని దరికి రానీయరాదు. మరిగిన నీరు తగిలిన తోలు ముడుచుకొని కొయ్యయగును. అది మరల సాగదు. ఇత్తడి మేకుల చుట్టు పచ్చని జిగురు కనిపించినచో అది రాగియు పాత క్రొవ్వును కలిసి పుట్టిన చిలుము. దానిని వెదురుపుల్లతో గీకివేయవలెను.

తుడిచిన జీనును నీడలో ఆరనిచ్చి, తడి పూర్తిగ ఆరకమునుపే నూనె పట్టింపవలెను. తోలులోని నీరు వెలికి పోవుచుండగా నూనె ఆ సందులలోనికి చొచ్చును. తొందరపడి ఎండలో పెట్టుట కంటె పెద్ద తప్పు లేదు. ఏ నూనె? పశువుల కాలి ఎముకల నుండి తీయు నూనెను జీనుల పనివారు మేలుగ నెంచుదురు. అది ఇష్టపడనివారికి మన ఆముదము కలదు. కిఱ్ఱు చెప్పులకు ఆముదము రాచుట మన పల్లెలలో ఎవరికి తెలియదు? ఆముదము నుండి చేసిన టర్కీ రెడ్ నూనెను తోళ్ల కర్మాగారములలోను వాడుదురు. ఆముదము చిక్కనిది గాన కొంచెము వెచ్చచేయవలెను. అవిసె నూనె మాత్రము పనికిరాదు. అది గాలికి గట్టిపడి పొరకట్టు జాతి నూనె.

నూనెను పోయరాదు, రాయవలెను. పై నున్నని ముఖము కంటె అడుగు గరుకు ముఖమునకు నూనె త్వరగ పట్టును. ఒక పలుచని పూత. ఒక దినము విరామము. పిదప మరియొక పూత. మూడు నాలుగు పూతలలో తోలు చేతికి లొంగుట తెలియును. అంతటితో ఆపవలెను. నూనె మించినచో తోలు వడలిన ఆకువలె వ్రేలాడును, పట్టీలు సాగును, కుట్టుదారము కుళ్లును, ఉన్ని మెత్త జిడ్డుగట్టును. చివర తేనెమైనము కలిసిన పూత పలుచగ రాచి గుడ్డతో మెఱుగుపెట్టవచ్చును.

పట్టీల సంగతి వేరు. రికాబు పట్టీలు, పొట్టపట్టీని తగిలించు పట్టీలు సాధారణముగ బిగింపు రంధ్రముల వద్ద తెగును. నూనె పట్టిన తరువాత ఒక్కొక్క రంధ్రము వద్ద వంచి చూచి, వెండ్రుకవాసి పగులు కనిపించినను ఆ పట్టీని తీసివేయవలెను. స్వారికి వాడదలచిన జీనుకైతే బరువు మోయు పట్టీలన్నిటిని క్రొత్తవిగ వేయించి, మైనము పట్టించిన దారముతో కుట్టించుటయే మా అభిప్రాయము. కూర్చుండు భాగము ముప్పది యేండ్ల నాటిదైనను చింత లేదు. పట్టీ విషయమున పొదుపు పనికిరాదు.

బాగుపడిన జీనును గోడ మేకునకు తగిలింపక, గుఱ్ఱపు వీపు ఆకృతి గల కొయ్య దిమ్మెపై నుంచి నూలుగుడ్డ కప్పవలెను. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టినచో లోపలి తేమకు పది దినములలో బూజు పట్టవచ్చును. వానకాలమున వారమున కొకసారి గుడ్డ తొలగించి గాలి తగులనిచ్చి, పొడిగుడ్డతో తుడిచి మరల కప్పుచుండవలెను.